ఎడమ వైపు వంత

సాంబారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్న తగువుని సైన్సు తీర్చగలదని, కాకినాడ తీరంలోని ఆ పరిశోధన కేంద్రంలో అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

డాక్టర్ హంసవేణి ఒక బల్ల చుట్టూ నలుగురిని కూర్చోబెట్టింది. ఇద్దరు ఇంజినీర్లు, ఒక స్టోరు గుమాస్తా, క్యాంటీన్ వంటమనిషి. బెల్లం మాట ఎత్తడమే తరువాయి, నలుగురూ ఒక్కసారే అందుకున్నారు. బెల్లం వేస్తే అది సాంబారు కాదు పాయసం అన్నాడు ఒక ఇంజినీరు. వెయ్యకపోతే అది సాంబారు కాదు పప్పు కడిగిన నీళ్ళన్నాడు రెండోవాడు. తన వంటకి ఇంతవరకూ ఎవడూ వంక పెట్టలేదంటూ వంటమనిషి లేచి నిలబడ్డాడు. గుమాస్తా అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు గాని, అతను ఎవరి పక్షమో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు హంసవేణి నలుగురి మెడలకీ బూడిదరంగు పట్టీలు కట్టింది. వేలెడు వెడల్పు, తేలికైనవి, వెనక చిన్న కొక్కెం.

"ఎదుటివాడికి అడ్డం చెప్పబోయే ముందు మన గొంతు కండరాలు రవ్వంత బిగుస్తాయండి," అంది డైరెక్టర్ సోమయాజులు గారితో. "పట్టీ ఆ బిగువుని పసిగట్టి మెడలోని నరానికి కాస్త వెచ్చదనం అందిస్తుంది. బిగువు సడలుతుంది. ఆ కబురు మిగతా పట్టీలకీ చేరుతుంది. అవతలివాళ్ళూ మెత్తబడతారు."

ఆమె మాట పూర్తయ్యేలోపే వాళ్ళ గొంతులు తగ్గాయి. "కొంచెం వేస్తే తప్పేం లేదు లెండి" అన్నారెవరో. "చిటికెడు చాలు" అన్నారింకెవరో. బల్ల మీద టీ చల్లారకముందే నలుగురూ ఒక మాట మీదికి వచ్చేశారు. పట్టీలు విప్పాక సోమయాజులు గారు కుతూహలం ఆపుకోలేక, "ఇంతకీ మీలో తగ్గిందెవరయ్యా?" అని అడిగారు.

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఎవరూ తగ్గలేదండి," అన్నాడు వంటమనిషి. "మేం మొదట్నుంచీ చిటికెడే అంటున్నాం కదా."

గదిలో అందరూ విరగబడి నవ్వారు. హంసవేణి కూడా నవ్వింది. ఆ జవాబు దగ్గర ఒక నిమిషం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఎవరికీ అంత తీరిక లేదు.

సోమయాజులు గారి తొందర సోమయాజులు గారిది. తీరానికి దూరంగా, బంగాళాఖాతం అడుగున, మట్టిపొరల్లో మంచులా గడ్డకట్టిన గ్యాసు మీద పరిశోధన చెయ్యడానికి ఉక్కుతో ఒక నివాసం కట్టారు. కాగితాల మీద దానికి బారెడు పేరుంది. అందరూ పిలిచేది మాత్రం అడుగిల్లు అని. మొదటిసారి దిగిన బృందం, తడి తువ్వాళ్ళు ఎవరు ఎక్కడ ఆరేశారన్న దగ్గర మొదలుపెట్టి, చివరికి ఒకరి మొహం ఒకరు చూడలేక, పని సగంలో వదిలేసి పైకొచ్చేసింది. ఇంకొక్కసారి అలా జరిగితే అడుగిల్లుని పాత ఇనుము కింద అమ్ముకోవాల్సిందే.

హంసవేణి మాత్రం ఆ పట్టీని అడుగిల్లు కోసం చెయ్యలేదు. తన కోసం చేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆమె బుర్రకథలు చెప్పే ఇంట్లో పుట్టింది. బుర్రకథకి ముగ్గురుండాలి. మధ్యలో తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకున్న అందెలు మోగిస్తూ కథ నడిపేది ఒకరు. కుడి వైపు వంత ఊళ్ళో రాజకీయాలు దెప్పుతుంది. ఎడమ వైపు వంతది హాస్యం. కథ మంచి పట్టులో ఉండగా అడ్డం పడి, "అక్కా, నాకో అనుమానం" అంటూ పిచ్చి ప్రశ్న వేసి జనాన్ని నవ్వించడమే దాని పని. పెద్దకూతురు వరహాలమ్మ పాడితే చివరి వరసలో కునికేవాడు కూడా లేచి కూర్చుంటాడు కాబట్టి మధ్య చోటు ఆమెది. కుడి పక్క బాబాయిది. ఇక మిగిలింది ఎడమ పక్క, మిగిలిన మనిషి హంసవేణి. పాలపళ్ళు ఊడకముందే వంతలు వాయించే డక్కీ తెచ్చి మెడకి తగిలించారు.

ఆమె వేదిక ఎక్కితే చాలు, నోరు తెరవకముందే జనం నవ్వేవాళ్ళు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే ఎక్కినా నవ్వారు. తల్లి పోయాక మొదటిసారి ఎక్కినప్పుడూ నవ్వారు. తర్వాత చదువుకుంది, డాక్టరేటు తెచ్చుకుంది. తను వేదిక దిగింది గాని, ఆ ఎడమ పక్క చోటు మాత్రం ఆమె వెంటే వచ్చింది. ఏ మీటింగులోనైనా అందరూ తలలూపే వేళకి "నాకో అనుమానం" అన్న మాట ఆమె నోట్లోంచే ఊడిపడేది. పెద్దమనుషులు నవ్వేవాళ్ళు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది. గుంపులో ఎవరి పీట వాళ్ళకి ముందే వేసి ఉంటుందనీ, పుట్టిన ఇల్లూ పెరిగిన తీరూ కలిసి మనిషిని ఆ పీటకి మేకు వేసి కొట్టేస్తాయనీ ఆమె నమ్మకం. ఆ మేకు పీకెయ్యాలి. పట్టీ కట్టుకున్నాక ఒకరు పెద్దా కాదు, ఒకరు విదూషకుడూ కాదు. అందరూ ఒకే శ్రుతి. దానికి సమశ్రుతి అని పేరు పెట్టింది.

రెండో బృందంలో నలుగురు. నాయకుడు ప్రభుదాసు నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు, నిదానస్తుడు. ఇస్మాయిల్, కుందన శాస్త్రజ్ఞులు. గాలీ నీళ్ళూ చూసుకునే ఇంజినీరు మంజరి. ఈ మంజరి వరహాలమ్మ కూతురే. మాటల కంటే ముందు అడ్డుమాటలు నేర్చిన పిల్ల. చిన్నప్పుడు వేదిక ముందు చాప మీద కూర్చుని, పిన్ని నవ్వించడం కోసం కావాలని తప్పు చెప్పినప్పుడల్లా "కాదు పిన్నీ!" అని అరిచి సరిదిద్దేది. పోనుపోను అది కథలో భాగమైపోయింది. హంసవేణి తప్పు చెప్పేది, చాప వైపు చూసి ఆగేది, పిల్ల అరిచేది, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

పట్టీ చేతికిచ్చిన రోజున మంజరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పిన్నీ, దీన్ని ఒడ్డు నుంచి ఆపే స్విచ్చు లేదేం?"

"మీ మెడలు తీసుకెళ్ళి ఒడ్డు మీదున్న వాళ్ళ చేతిలో పెడతానా? మీరే పెట్టుకోవాలి, మీరే తీసుకోవాలి."

"మరి తీసెయ్యాలన్న ఆలోచన రాకుండా ఇదే చేస్తేనో?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హంసవేణికి ఆ నవ్వు ఎక్కడో బాగా తెలిసిన నవ్వులా తోచింది. అయినా తోసేసింది. "పొద్దున్నే అడ్డంగా మాట్లాడకపోతే నీకు కాఫీ అరగదే," అంది. మంజరి బుంగమూతి పెట్టుకునే పట్టీ కట్టుకుంది.

అడుగిల్లు నుంచి వచ్చే వార్తలు వింటే ఎవరికైనా కడుపు నిండిపోతుంది. పని అనుకున్నదానికంటే ముందే జరుగుతోంది. మాటా మాటా అనుకోవడం లేదు, అలకలు లేవు. పట్టీలు నలుగురి ఊపిరి లెక్కని కూడా ఒడ్డుకి పంపుతాయి. తెర మీద ఆ నాలుగు గీతలూ ఒకదాని మీద ఒకటి కలిసిపోయి ఒకే గీతలా సాగుతుంటే, ప్రయోగశాలలో కుర్రాళ్ళు మురిసిపోయి ఆ బొమ్మని అచ్చు వేయించి గోడకి అంటించారు.

ఆదివారాలు మధ్యాహ్నం ఇంటివాళ్ళు మాట్లాడుకోవచ్చు. ఆ ఆదివారం వరహాలమ్మ, పక్క ఊళ్ళో దోమల నివారణ మీద బుర్రకథ చెప్పి, సరాసరి కంట్రోల్ రూముకి వచ్చింది. ఈ మధ్య ఆమెకి వచ్చే బేరాలన్నీ ఇలాంటివే. దోమలూ, మరుగుదొడ్లూ, టీకాలూ. తంబురా, డక్కీలూ బయట ఆటోలోనే ఉన్నాయి.

తెర మీద మంజరి కనిపించగానే తల్లికి ఉడికించాలని బుద్ధి పుట్టింది.

"ఏమే మంజూ, నువ్వొచ్చే రోజుకి బెండకాయ పులుసు కాసి ఉంచుతానే!"

బెండకాయ పులుసంటే మంజరికి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడదు. జిగురు జిగురంటూ కంచం ముందు నుంచి లేచిపోయే రకం.

"అలాగేనమ్మా," అంది మంజరి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. "బాగుంటుంది."

వరహాలమ్మ తెర ముందు నుంచి లేచి, హంసవేణిని బయటికి రమ్మని సైగ చేసింది. వరండాలోకి వచ్చాక చెల్లెలి రెక్క పట్టుకుంది.

"అది నా కూతురు కాదే వేణీ."

"అదేం మాటక్కా?"

"నవమాసాలూ మోసిందాన్ని, నాకు తెల్దా? పులుసు తింటానందే అది! నా పిల్లని ఏం సేసేవే?"

"పెద్దదైంది. సర్దుకుపోవడం నేర్చుకుంది. దానికే ఇంత గోలా?" అంది హంసవేణి. అందే గాని, ఆ మాట ఆమెకే ఒప్పలేదు. మంజరి మాట మధ్యలో ఊపిరి కోసం ఎందుకు ఆగింది? వెనక కూర్చున్న కుందన కణతలు ఎందుకు రుద్దుకుంటోంది?

గబగబా ప్రయోగశాలకి వెళ్ళి, గోడకి అంటించిన బొమ్మ ముందు నిలబడింది. నాలుగు గీతలూ ఎంత చక్కగా కలిశాయో అనే ఇన్నాళ్ళూ చూశారు. అవి ఎంత ఎత్తున ఉన్నాయో ఎవరూ చూడలేదు. దిగిన కొత్తలో ఊపిరి నిదానంగా ఉంది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతూనే ఉంది. ఇప్పుడు తెర మీద లెక్క చూస్తే, నలుగురూ కూర్చున్న చోటే, మేడ మెట్లెక్కిన వాళ్ళలా ఊపిరి తీస్తున్నారు. గదిలో విడిచిన గాలి పేరుకుపోతే మనిషి అలాగే తీస్తాడు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవడం ఉండదు.

కంట్రోల్ రూములో సోమయాజులు గారు ఆమె చెప్పింది ఓపిగ్గా విన్నారు. అడుగిల్లులో విడిచిన గాలిని శుభ్రం చేసేది సున్నపు గుళికలు నింపిన గాజు డబ్బాలు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చెప్పే మీటరు ఒకటి ఉంది. అది అంతా సవ్యమే అంటోంది.

"ఆ మీటరు చెమ్మకి పాడై ఉంటేనో?" అంది హంసవేణి. "డబ్బాల్లో సున్నం పని అయిపోతే తెల్లటి గుళికలు ఊదారంగుకి తిరుగుతాయి. కెమెరాకి ఆ గోడ కనపడదు. వాళ్ళనే అడగండి."

అడిగారు. "అంతా బాగానే ఉందండి," అన్నాడు ప్రభుదాసు. హంసవేణి మైకు లాక్కుంది. "మంజూ, డబ్బాలు ఏ రంగులో ఉన్నాయో చెప్పు."

"అంతా బాగానే ఉంది పిన్నీ."

"రంగు చెప్పవే!"

"బాగానే ఉంది పిన్నీ," అంది మంజరి. విసుగు లేదు, కోపం లేదు. గొంతులో ఏమీ లేదు.

డబ్బాలు మార్చమంటే, మార్చే వేళ ఇంకా రాలేదు కదా అన్నారు. పైకి వచ్చెయ్యండని సోమయాజులు గారే ఆజ్ఞ ఇస్తే, "మేమంతా అనుకున్నామండి, పని మధ్యలో వదిలి రావడం బాగోదు" అని మర్యాదగా చెప్పారు. మనుషుల్ని పైకి తెచ్చే గోళం అడుగిల్లు లోపలి నుంచే విడుదలవుతుంది. మనిషిని పంపుదామంటే, వాయుగుండం వల్ల హార్బరులోంచి ఓడ కదిలే పరిస్థితి లేదు.

"నలుగురు మనుషులూ మీటరూ ఒకే మాట చెబుతున్నారు డాక్టరుగారూ," అన్నారు సోమయాజులు గారు. ఆయన గొంతులోనూ బెదురు మొదలైంది.

"ఒకే మాట చెబుతున్నారనే కదండీ నా భయం!"

అప్పుడు ఆమెకి మొత్తం కళ్ళకి కట్టింది. ఆ ఊదారంగు నలుగురి కళ్ళా పడే ఉంటుంది. తలా ఒక అనుమానం పుట్టే ఉంటుంది. పుట్టినప్పుడల్లా ఈ పట్టీ జోకొట్టి పడుకోబెట్టి ఉంటుంది. మిగతా ముగ్గురూ నిశ్చింతగా ఉన్నారు కదా అని ఒక్కొక్కరూ నిశ్చింతగా ఉండి ఉంటారు. మంజరి ముందే అడిగింది. అడిగితే తను తోసేసింది.

కన్నీళ్ళు పెట్టుకోవడానికి తర్వాత బోలెడు సమయం ఉంటుంది. హంసవేణి పైట దోపుకుంది.

ప్రయోగశాల కుర్రాళ్ళు ముగ్గురిని పిలిచి, వాళ్ళకీ తనకీ పట్టీలు కట్టింది. "అడుగిల్లులో అంతా బాగుందని మీరనండి. బాగాలేదని నేనంటాను. ఎక్కడైనా సందు దొరుకుతుందేమో చూద్దాం," అంది. వాళ్ళు అన్నారు. ఆమె నోరు తెరిచింది. మెడ వెనక అమ్మ చెయ్యి వేసినంత వెచ్చగా అనిపించింది. ఏమో, బాగానే ఉందేమో అనిపించింది. మళ్ళీ ప్రయత్నించింది. గట్టిగా అరవాలని పిడికిలి బిగించింది, పిడికిలి దానంతటదే విడిపోయింది. మంజరి చచ్చిపోతుందని తెలుసు, తెలిసీ ఒంట్లో ఎక్కడా తొందర లేదు. అదే ఆమెను అన్నిటికంటే భయపెట్టింది. ఆ భయం కూడా చల్లగా జారిపోతోంది.

మూల కుర్చీలో వరహాలమ్మ కూర్చుని ఉంది. ఎవరు వెళ్ళమన్నా వెళ్ళలేదు. ఈ తతంగమంతా చూసి చూసి ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"ఏంటే అది, పెళ్ళిసూపుల్లో పిల్లలా నలుగురూ తలకాయలొంచుకుని ఊ అంటే ఊ అంటన్నారు? ఇందులో పెళ్ళికొడుకెవడే?"

ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. అందరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, తనకి తెలియకుండానే, హంసవేణి నోట్లోంచి చిన్ననాటి మాట ఊడిపడింది. "అక్కా, నాకో అనుమానం! అంతా బాగుంటే వీళ్ళకి ఆయాసం ఎందుకే?"

మాట మొత్తం బయటికి వచ్చింది. ఎక్కడా సడలలేదు. ఆమె మెడలోని పట్టీ లాగి పారేసింది.

అడ్డం చెప్పేటప్పుడు గొంతు బిగుస్తుంది. నవ్వేటప్పుడు వదులవుతుంది. వదులైన గొంతులోంచి వచ్చిన ప్రశ్నని పట్టీ అడ్డుమాటగా గుర్తుపట్టలేదు. దానికి లోకంలో తగువులన్నీ నేర్పింది గాని, హాస్యం నేర్పలేదు. హాస్యం నుంచి పారిపోవడానికే కదా దాన్ని చేసింది.

"అక్కా," అంది. "డక్కీ తెప్పించు."

"కంట్రోల్ రూములో బుర్రకథేంటండీ!" అన్నారు సోమయాజులు గారు.

"ఆజ్ఞలు వినడం లేదు కదండీ. కథ చెబితే వింటారు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, దారి ఇచ్చారు. వరహాలమ్మ అక్కడితో వదల్లేదు. "అయ్యగారూ, మా బాబాయి కాలం చేసేడండి. కుడి పక్క ఖాళీ. కథకి ముగ్గురుండాల. మీరు తందానా అంటే సాలు." పెద్ద పెద్ద మంత్రుల పక్కన నిలబడిన మనిషి, మారు మాట్లాడకుండా వచ్చి కుడి వైపు నిలబడ్డారు.

తెర మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. ఇస్మాయిల్ తల పక్కకి వాలిపోతోంది. మంజరి కళ్ళు అద్దాల్లా ఉన్నాయి. అందెలు గల్లుమన్నాయి. వరహాలమ్మ గొంతెత్తి, సముద్రం అడుగున ఇల్లు కట్టుకున్న నలుగురు వీరుల కథ, అప్పటికప్పుడు కట్టి పాడడం మొదలుపెట్టింది. సోమయాజులు గారు తాళం తప్పి తందానా అన్నారు.

హంసవేణి డక్కీ మీద దరువు వేసి అడ్డం పడింది. "అక్కా, నాకో అనుమానం! అడుగున ఇల్లంటున్నావు. మరి కుళాయి కనెక్షను మున్సిపాలిటీ వాళ్ళు ఇచ్చారా?"

"ఇచ్చేరే. నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు," అంది వరహాలమ్మ తడుముకోకుండా.

కుందన పెదవి కదిలింది. ప్రభుదాసు మొహంలో చిన్న నవ్వు. మంజరి అలాగే ఉంది. హంసవేణి ఇంకో ప్రశ్న వేసింది, ఇంకొకటి వేసింది. నడుం తిప్పింది, మూతి వంకర్లు తిప్పింది. చుట్టూ పెద్ద ఆఫీసర్లు చూస్తున్నారు. చూడనీ. ఆ పిల్ల నవ్వాలి.

"వాళ్ళ గాలికి సున్నపు డబ్బాలున్నాయట కదక్కా. అవి నాకు బాగా తెలుసు! గుళికలు తెల్లగా ఉంటే చెడిపోయినట్టు. ఊదారంగు తిరిగితే, ఆహా, మేలురకం!"

చాప వైపు చూసినట్టు తెర వైపు చూసి, ఆగింది.

తంబురా మోగుతూనే ఉంది. మంజరి కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి, విడిపోయాయి. హంసవేణి పట్టు వదల్లేదు. మళ్ళీ దరువు వేసింది. ఇంకా మూర్ఖంగా, ఇంకా గర్వంగా, కళ్ళు గుండ్రంగా తిప్పుతూ అంది. "ఊదాయే మంచిది! నేను డాక్టర్ని, నాకు తెలీదా?"

మంజరి మూతి ఒక పక్కకి వంగింది. చిన్నపిల్ల నవ్వు.

"కాదు పిన్నీ! తిరగేసి చెబుతావేంటి! తెలుపే మంచిది. ఊదా తిరిగిందంటే సున్నం అయిపోయిందని!"

"ఓహో, అలాగా! మరి మీ ఇంట్లో ఏ రంగే అమ్మాయీ?"

మంజరి నవ్వుతూనే పక్కనున్న గోడ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఊదా," అంది. "అన్నీ ఊదాయే."

చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. కొక్కెం దగ్గర ఆగింది. "మీటరు బాగానే ఉంది కదా మంజరీ," అన్నాడు ప్రభుదాసు మెత్తగా. మిగిలిన ఇద్దరూ తలలూపారు. ఆ చెయ్యి నెమ్మదిగా కిందికి జారడం ఒడ్డు మీదున్న అందరూ చూశారు. వరహాలమ్మ పాట ఆగిపోయింది.

హంసవేణి డక్కీ పగిలిపోయేంతగా కొట్టింది.

"ఇంకో సంగతి తెలుసా అక్కా! మా మంజరికి బెండకాయ పులుసంటే ప్రాణం! గిన్నెకి గిన్నె తాగేస్తుంది!"

"ఛీ! కాదు!" అని మంజరి ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే కొక్కెం లాగేసింది.

పట్టీ నేల మీద పడ్డాక ఆమె కొంచెంసేపు తల పట్టుకుని వణికిపోయింది. తర్వాత ఒడ్డు నుంచి ఎవరూ చెప్పే అవసరం రాలేదు. తూలుకుంటూ వెళ్ళి కొత్త డబ్బాలు బిగించింది. ముగ్గురి మెడల్లోంచీ పట్టీలు లాగేసింది. ఇస్మాయిల్ మొహం మీద నీళ్ళు కొట్టి, చెంపలు వాయించి లేపింది. ఆ ముగ్గురినీ తిట్టిన తిట్లన్నీ కంట్రోల్ రూములో వినపడ్డాయి. ఆ తిట్లు వింటూ వరహాలమ్మ నేల మీద కూలబడి భోరుమని ఏడ్చింది. వాయుగుండం తీరం దాటాక గోళం పైకి తేలింది.

మనుషులు బతికి వచ్చారు. పూర్తిగా వచ్చారని మాత్రం అనలేం. ఓడల్ని నడిపించిన ప్రభుదాసు, బట్టల కొట్లో రెండు చొక్కాల ముందు నిలబడి ఏది కావాలో తేల్చుకోలేక భార్యని పిలుస్తున్నాడు. మంజరి మొదటి రోజుల్లో బాగానే అరిచింది. ఆ తర్వాత ఏం పెడితే అది తింటోంది. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తోంది. అన్నిటికీ అలాగే అంటోంది. అన్నాళ్ళు ముడుచుకుని పడుకున్న కాలు నడవడం మరిచినట్టే అన్నారు డాక్టర్లు. తిరిగి వస్తుందట, ఎప్పుడో చెప్పలేమట.

పట్టీ సంగతి తేల్చడానికి పెద్ద కమిటీ కూర్చుంది. సోమయాజులు గారు లేచి, జరిగింది ఘోరమని ఒప్పుకున్నారు. కుడి వంతగా నిలబడిన రోజు ఆయనకి ఇంకా గుర్తుంది. కాని పైనుంచి ఒత్తిడి ఉంది. ఆఫీసులు అడుగుతున్నాయి, ఫ్యాక్టరీలు అడుగుతున్నాయి, తరగతి గదులకి కావాలని ఒక పెద్ద స్కూలు కూడా అడిగింది.

"మీటరు మార్చేశాం. పట్టీలో లోపం ఇక ఒక్కటే," అన్నారు. "నవ్వు. డాక్టరుగారు ఆ నవ్వొక్కటీ సరిచేసి ఇస్తే చాలు."

బల్ల చుట్టూ తలలు ఊగాయి. అక్కడ ఎవరి మెడలోనూ పట్టీ లేదు. అయినా ఊగాయి.

హంసవేణి లేచింది. "నాకో అనుమానం అండీ."

ఆమె ఇంకేమీ అనకముందే మొహాల మీద చిరునవ్వులు మొలిచాయి. ఎన్నో ఊళ్ళలో, ఎన్నో వేదికల మీద చూసిన నవ్వులే. ఆమెకి ఈసారి ఒళ్ళు మండలేదు. ఇది నా చోటు, ఇక్కడి నుంచి నన్నెవరూ దింపలేరు అనుకుంది. సంచీలోంచి పెట్టె తీసి, మూత తెరిచి, బల్ల మీద పెట్టింది. లోపల బూడిదరంగు పట్టీలు వరసగా ఉన్నాయి.

"తెలివితక్కువ ప్రశ్నే లెండి. ఇది మంచిదని తీర్మానం చేసే ముందు, మనమంతా తలా ఒకటి కట్టుకుని, అప్పుడు చేతులెత్తుదామా?"

అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. చాప వైపు చూసినట్టు బల్ల వైపు చూస్తూ, ఆగింది. నవ్వు ఒక్కొక్క మొహం మీదా ఆరిపోయింది. హంసవేణి పెట్టెని పక్కాయన ముందుకి జరిపింది. ఆయన తన పక్కాయన ముందుకి జరిపాడు. పెట్టె బల్లంతా చుట్టి వచ్చింది. ఒకాయన పట్టీని వేలితో ముట్టుకుని, వేలు వెనక్కి తీసుకున్నాడు. సోమయాజులు గారు పెట్టెలోకి చాలాసేపు చూసి, మూత వేశారు. అది తిరిగి హంసవేణి ముందుకి వచ్చేసరికి ఒక్క పట్టీ కూడా తగ్గలేదు.

"ఇది నేను చేశాను. దీన్ని సరిచెయ్యను," అంది ఆమె. "ఇంకెవరైనా చేస్తామంటే, వాళ్ళు కూర్చున్న ప్రతి బల్ల దగ్గరికీ వచ్చి ఇదే ప్రశ్న అడుగుతాను."

వరండాలో బెంచీ మీద మంజరి కూర్చుని ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"ఎవరూ కట్టుకోలేదే." హంసవేణి పెట్టె చంకలో పెట్టుకుంది. "పద, క్యాంటీన్లో టీ తాగుదాం."

"అలాగే," అంది మంజరి. లేచి రెండడుగులు వేసి నిలబడిపోయింది. ఏదో పోగొట్టుకున్నది వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిచింది. హంసవేణి తొందరపెట్టలేదు. పక్కనే ఆగింది. ఎంతసేపైనా ఆగడానికి సిద్ధపడే ఆగింది.

"టీ వద్దు," అంది మంజరి. "ఇక్కడి టీ నాకసలు నచ్చదు."